సంచీ చుట్టూ చర్మం మండుతోందా?

ఓ.పి. దాదాపు అయిపోయింది. భీమునిపట్నంలో మధ్యాహ్నం ఒంటిగంట ఉక్క ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్ళకి చెప్పనక్కరలేదు. సముద్రం పక్కనే ఉన్నా ఒక్కొక్కరోజు ఆకు కదలదు. చేతులు కడుక్కుని లేవబోతుంటే తలుపు దగ్గర ఒకతను నిలబడి కనిపించాడు. వెనకాలే అతని భార్య.

"లోపలికి రావయ్యా, కూర్చో" అన్నాను.

లోపలికి వచ్చాడు గాని కూర్చోలేదు.

"కూకోలేను బాబూ. కూకుంటే కారిపోద్ది" అన్నాడు నేల చూస్తూ.

వయస్సు 55 దాకా ఉంటుంది. వేటకి వెళ్ళే మనిషి. మలద్వారానికి పైనున్న పేగులో కేన్సరు వచ్చి, మూడు నెలల క్రితం విశాఖపట్నంలో ఆపరేషను చేయించుకున్నాడు. చెడిపోయిన పేగు ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు. ఆ కుట్టు గట్టిపడేదాకా మలం అటు పోకుండా చిన్నపేగుని పొట్టమీదకి తెచ్చి అక్కడ దారి పెట్టారు. ఆ దారిమీద అంటించిన సంచీలోకి మలం వస్తుంది. కేన్సరు మందుల డోసులన్నీ పూర్తయ్యాక దారి మూసేస్తామని చెప్పి పంపించారు. కాగితాలు చూశాను. రెండు డోసులే పడ్డాయి. మూడోదాని తేదీ దాటి పదిరోజులయింది.

"మూడో డోసుకి ఎందుకు వెళ్ళలేదు?"

అతను పలకలేదు. భార్యే చెప్పింది.

"ఎలా ఎల్తాడు బాబూ? సంచీ సుట్టూ పుండైపోనాది. బస్సులో కూకుంటే కారిపోద్ది, పక్కనోల్లు ముక్కు మూసుకుంతారు. తింటే కారతాది, కారితే మండతాది అనేసి తిండే మానేసినాడు. ఒక్క పూట గంజి తాగతాడు. మందులూ వొద్దు, ఏటీ వొద్దు, ఇలాగే పోతానంతన్నాడు."

కేన్సరుకి భయపడని మనిషి, అంత పెద్ద ఆపరేషను తట్టుకున్న మనిషి, అరచేతి మేర చర్మం మంటకి ఓడిపోయి వైద్యమే మానేశాడు. ఈ వ్యాసం రాయటానికి కారణం అదే. పొట్టమీద దారి ఉన్నవాళ్ళకి చర్మం పుండు పడటం చిన్న విషయంగా కనిపిస్తుంది. వాళ్ళ ప్రాణం ఒక్కొక్కసారి దానిమీదే ఆధారపడి ఉంటుంది.

వల కన్ను

అతన్ని బల్లమీద పడుకోబెట్టాను. సంచీ అంచుల చుట్టూ ప్లాస్టరు మీద ప్లాస్టరు, అయిదారు వరసలున్నాయి. గోరువెచ్చని నీళ్ళతో తడిపి నెమ్మదిగా విప్పాను. పేగు దారి మాత్రం ఆరోగ్యంగా ఉంది. ఎర్రగా, తడిగా, మన చెంప లోపలి భాగంలా ఉంది. దాని చుట్టూ చర్మం పైపొర పూర్తిగా లేచిపోయింది. పసుపు మరకలు ఉన్నాయి. కొబ్బరినూనె వాసన వేస్తోంది.

"మంట తగ్గుతాదని రాసినాను బాబూ" అంది భార్య భయపడుతూ.

ఆవిడని కోప్పడవలసిన పని లేదు. మంటకి కొబ్బరినూనె, పుండుకి పసుపు మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నవే. కాని ఇక్కడ అవి పనికిరావు. నూనె రాసినచోట సంచీ జిగురు అంటదు. అంటకపోతే సందులోంచి మలం కారుతుంది. కారితే పుండు పెద్దదవుతుంది. పుండు పెద్దదయితే మళ్ళీ నూనె. ఆ నూనె మీద అంటదని ప్లాస్టర్లు. ప్లాస్టరు పైకి కారకుండా ఆపుతుంది గాని లోపల మలాన్ని చర్మం మీదే నిలవబెడుతుంది.

కొలత కాగితం పెట్టి పేగు దారిని కొలిచాను. 28 మిల్లీమీటర్లు ఉంది. సంచీ కింద చర్మానికి అంటుకునే బిళ్ళలో కోసిన కన్నం కొలిచాను. 45 ఉంది.

"ఈ కన్నం ఏ కొలత పెట్టి కోస్తున్నావమ్మా?"

ఆవిడ సంచీలోంచి ఒక అట్టముక్క తీసి చూపించింది. ఆపరేషనైన వారంలో ఇచ్చిన నమూనా అది. అప్పటికి ఆ కొలత సరైనదే. ఆపరేషను కాగానే పేగు దారి వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తీసి చిన్నదవుతుంది. కాని అట్టముక్క చిన్నదవదు కదా! మధ్యనున్న 17 మిల్లీమీటర్ల తేడాలో చర్మం రాత్రింబవళ్ళు మలంలో నానుతోంది.

"మీ ఇంట్లో వలలు ఎవరు బాగుచేస్తారు?" అని అడిగాను.

"నానే బాబూ."

"కవళ్ళ వలకీ, వంజరం వలకీ కన్ను ఒక్కటేనా?"

"ఒక్కటెలాగౌద్ది? సేపను బట్టి కన్ను" అని, ఒక్క క్షణం ఆగి అట్టముక్క వంక చూసింది. ఇక నేను చెప్పవలసింది లేకపోయింది.

దారిని మళ్ళీ ఆవిడచేతే కొలిపించాను. 30 మిల్లీమీటర్లకి కొత్త బిళ్ళ ఆవిడచేతే కోయించాను. పుండుమీద చల్లవలసిన పొడి రాసిచ్చాను. అంతకంటె ముందు అతనికి సెలైను ఎక్కించాను. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది, నాడి తొందరగా కొట్టుకుంటోంది. ఆ నాలుక చూడగానే నాకు 1996 నాటి మరో మనిషి గుర్తుకొచ్చింది.

నేను చేసిన తప్పు

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఏజెన్సీ దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని. ఒక గిరిజన స్త్రీని తీసుకొచ్చారు. టైఫాయిడ్ జ్వరంలో పేగుకి చిల్లు పడితే పెద్ద ఆస్పత్రిలో ఆపరేషను చేసి, చిన్నపేగుని పొట్టమీదకి పెట్టి ప్రాణం కాపాడారు. ఇంటికి వచ్చిన నెలకి చుట్టూ చర్మం ఊడిపోయింది. నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. స్పిరిటుతో తుడిచి, ఊదారంగు జెన్షన్ వయొలెట్ రాశాను. ఆవిడ కేక పెట్టింది. "ఓర్చుకోవాలమ్మా, పుండు మానాలంటే మంట తప్పదు" అన్నాను.

ఆ మాట అబద్ధం. మంట అక్కరలేదు. పుండుమీద స్పిరిటు పెట్టటం వైద్యం కాదు, శిక్ష.

ఆవిడ మళ్ళీ రాలేదు. ఎండాకాలంలో మా ఏ.ఎన్.ఎం. చెప్పింది. మండుతుందని తిండి తగ్గించింది. పల్చగా పోతోందని నీళ్ళు తగ్గించింది. వాంతులు పట్టుకుని రెండు రోజుల్లో చనిపోయింది. కాన్పు కాదు, టైఫాయిడూ కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ ఇంకిపోయి చనిపోయింది. తిండీ నీళ్ళూ మానటానికి కారణం ఆ పుండు. ఆ పుండుని చూసిన డాక్టరుని నేను.

తరువాత కొన్నేళ్ళకి ఒక పెద్ద ఆస్పత్రికి శిక్షణకి వెళ్ళినప్పుడు ఒక స్టాఫ్ నర్సు పేగు దారి చుట్టూ చర్మాన్ని ఎలా చూసుకోవాలో చేసి చూపించింది. స్పిరిటు లేదు, రంగు లేదు. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ, కొలత కాగితం, కత్తెర, కొంచెం పొడి. నాలుగు రోజుల్లో పుండు ఆరింది. మందుల పేర్లు చదువుకున్న నేను ఆవిడ దగ్గర కత్తెర పట్టుకోవటం నేర్చుకున్నాను.

తపసి బంక

ఆ పొడి ఏమిటని అడిగితే సిస్టరు డబ్బా చేతికిచ్చింది. పేరు చదివి ఆశ్చర్యపోయాను. కరాయా. అంటే మన తపసి బంక. ఏజెన్సీ కొండలమీద తపసి చెట్టు కాండానికి గాటు పెడితే ఊరే జిగురు. గిరిజనులు దాన్ని ఏరి తెచ్చి సంతలో అమ్ముతారు. 1956లో ఏర్పడి విశాఖపట్నం ప్రధాన కార్యాలయంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో ఇదొకటి. ఇక్కడినుంచి విదేశాలకి ఎగుమతి అవుతుంది.

1950ల మొదట్లో అమెరికాలో క్లీవ్‌లండ్ క్లినిక్ సర్జను రూపర్ట్ టర్న్‌బుల్ ఈ పొడి గుణం గమనించాడు. అప్పట్లో దాన్ని కట్టుడు పళ్ళు అంటించుకోవటానికి వాడేవారు. తడి తగలగానే ఉబ్బి జిగురవుతుంది, తడి చర్మానికి కూడా అంటుకుంటుంది. ఒరుసుకుపోయిన చర్మానికి ఇంతకంటె ఏం కావాలి? ఆయన దగ్గర ఆపరేషను చేయించుకున్న నార్మా గిల్ అనే ఆవిడ 1958 నుంచి అదే ఆస్పత్రిలో తనలాంటి రోగులకి సంచీ అమర్చటం నేర్పింది. 1961లో అక్కడే ఈ పనికి శిక్షణ పాఠశాల మొదలయింది. డెన్మార్కులో ఎలిస్ సోరెన్‌సెన్ అనే నర్సు, తన చెల్లెలికి ఇలాంటి ఆపరేషను అయి బయటికి వెళ్ళటానికే సిగ్గుపడుతుంటే చూడలేక, 1954లో చర్మానికి అంటుకునే సంచీ ఆలోచన చేసింది. ఈనాడు మనం వాడే సంచీలకి మూలం అదే. ఈ విద్యని ముందుకు తెచ్చినవాళ్ళలో రోగులూ, రోగుల ఇంటివాళ్ళూ ఉన్నారని గుర్తుంచుకోండి.

నాకు మాత్రం ఆ డబ్బా చూసినప్పుడు ఏజెన్సీలో చనిపోయిన ఆవిడ గుర్తుకొచ్చింది. ఆవిడ భర్త తపసి బంక ఏరి సంతలో అమ్మేవాడు.

ఒక హెచ్చరిక. సంతలో దొరికే బంక తెచ్చి పుండుమీద చల్లకండి. అందులో బెరడు, మట్టి, సూక్ష్మజీవులు ఉంటాయి. శుభ్రం చేసి తయారుచేసిన స్టోమా పొడి మందుల దుకాణాల్లో అడిగితే తెప్పిస్తారు. ఈ రోజుల్లో చాలావాటిలో కరాయాకి బదులు పెక్టిన్, జెలటిన్ లాంటి పదార్థాలు ఉంటున్నాయి. అవి చిన్నపేగు రసాలకి ఇంకా బాగా తట్టుకుంటాయి.

అసలు ఈ దారి ఏమిటి?

పొట్టమీద పెట్టిన దారిని డాక్టర్లు స్టోమా అంటారు. గ్రీకు భాషలో నోరు అని అర్థం. పెద్దపేగుతో పెడితే కోలోస్టమీ, చిన్నపేగు చివరిభాగంతో పెడితే ఇలియోస్టమీ, మూత్రానికి పెడితే యూరోస్టమీ. కేన్సరు ఒక్కటే కారణం కాదు. టైఫాయిడ్, క్షయ వల్ల పేగుకి చిల్లు పడినా, పేగు మెలిపడినా, ప్రమాదంలో దెబ్బ తగిలినా పెట్టవచ్చు. మలద్వారం లేకుండా పుట్టిన పసిపిల్లలకి కూడా పెడతారు. కొందరికి ఇది కొన్ని నెలలే, కొందరికి జీవితాంతం. జీవితాంతం ఉన్నా పని చేసుకుంటూ, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళుతూ, సంసారం చేస్తూ హాయిగా బతుకుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ ఎర్రటి పేగుకి తాకితే నొప్పి తెలియదు. తుడిచినప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనబడితే భయపడనక్కరలేదు. నొప్పి, మంట తెలిసేది చుట్టూ ఉన్న చర్మానికే. ఆ చర్మం మీ చేతిమీది చర్మంలాగే ఉండాలి. "ఆపరేషనయింది కదా, కొంచెం ఎర్రగా, పచ్చిగా ఉండటం మామూలే" అని చాలామంది అనుకుంటారు. మామూలు కాదు. ఎరుపు కనబడిన రోజే కారణం వెతకాలి.

పుండు చూసి కారణం చెప్పవచ్చు

కారటం వల్ల: నూటికి ఎక్కువమందిలో కారణం ఇదే. దారిని ఆనుకునిగాని, కింది వైపుగాని చర్మం ఎర్రగా, తడిగా ఉంటుంది. చిన్నపేగు ద్రవంలో ఆహారాన్ని అరిగించే రసాలు ఉంటాయి. అన్నాన్నీ పప్పునీ అరిగించే రసం చర్మాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? అందుకే కోలోస్టమీ కంటె ఇలియోస్టమీ ఉన్నవాళ్ళకి ఈ బాధ ఎక్కువ. మందు కన్నం కొలతలోనే ఉంది.

బూజు వల్ల: మన కోస్తా ఉక్కలో, చెమటలో ఇది తరచు చూస్తుంటాం. దురద ఎక్కువ. ఎర్రటి మచ్చ, దాని అంచు బయట చిన్న చిన్న పొక్కులు విడివిడిగా ఉంటాయి. మధుమేహం ఉన్నవాళ్ళకీ, ఏంటీబయాటిక్కులు వాడినవాళ్ళకీ, కేన్సరు మందులు వాడుతున్నవాళ్ళకీ త్వరగా వస్తుంది. దీనికి బూజుని చంపే పొడి డాక్టరు రాసిస్తారు. పొడే వాడాలి. ఆయింటుమెంటు రాస్తే బిళ్ళ అంటదు.

పడకపోవటం వల్ల: ఎరుపు సరిగ్గా బిళ్ళ ఆకారంలోనో, ప్లాస్టరు ఆకారంలోనో గీత గీసినట్టు ఉంటే ఆ జిగురు మీకు పడటం లేదని అర్థం. మరో రకం బిళ్ళ మార్చి చూడాలి.

లాగటం వల్ల: బిళ్ళని సర్రున పీకితే చర్మం పైపొర దానితో వచ్చేస్తుంది. వెంట్రుకలు ఊడి, వాటి కుదుళ్ళలో చీముపొక్కులు లేస్తాయి. వెంట్రుకలు ఎక్కువగా ఉంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి. రోజూ గీకవద్దు.

మూత్రం దారి ఉన్నవాళ్ళకి చర్మం మీద ఇసుకలాంటి తెల్లటి పొర కట్టవచ్చు. నీళ్ళు బాగా తాగటం, డాక్టరు చెప్పిన పాళ్ళలో వినిగరు కలిపిన నీళ్ళతో తడపటం దీనికి పనిచేస్తాయి.

బిళ్ళ మార్చే పద్ధతి

పొద్దున్నే, ఏమీ తినకముందు మార్చుకోండి. అప్పుడు మలం తక్కువగా వస్తుంది. కావలసినవన్నీ ముందే పక్కన పెట్టుకోండి. లేకపోతే ఒక చేత్తో గుడ్డ అడ్డం పెట్టుకుని రెండో చేత్తో కత్తెర వెతుక్కోవలసి వస్తుంది.

ముందు కొత్త బిళ్ళ కోసుకోండి. దారిని కొలిచి, కన్నం దానికంటె 2 నుంచి 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. మరీ బిగుతుగా ఉంటే పేగుని కోస్తుంది, వదులుగా ఉంటే చర్మాన్ని తింటుంది. దారి గుండ్రంగా లేకపోతే కన్నం కూడా అదే ఆకారంలో ఉండాలి. ఆపరేషనైన మొదటి రెండు నెలలు వారం వారం కొలవండి. తరువాత కూడా ఒళ్ళు చేసినా, చిక్కినా మళ్ళీ కొలవండి.

పాత బిళ్ళని పైనుంచి కిందికి, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని, తడిగుడ్డ సాయంతో నెమ్మదిగా విప్పండి. విప్పిన బిళ్ళ వెనక వైపు తప్పక చూడండి. ఎక్కడ మలం చొరబడిందో అక్కడే కారుతోందన్నమాట. ఆ భాగంలో పొట్టమీద మడత ఉందేమో, కూర్చున్నప్పుడు గుంట పడుతోందేమో చూసుకోండి. ఆ గుంట నింపటానికి స్టోమా పేస్టు, చుట్టలు దొరుకుతాయి.

గోరువెచ్చని నీళ్ళతో, మెత్తని నూలుగుడ్డతో కడగండి. నీళ్ళు చాలు. సబ్బు వాడితే నూనె, సువాసన లేనిది వాడి, జిడ్డు మిగలకుండా కడిగెయ్యండి. స్పిరిటు, డెట్టాలు, పసుపు, కొబ్బరినూనె, ముఖానికి వేసుకునే పౌడరు వద్దు. గుడ్డతో రుద్దకుండా అద్దండి. ఫేను కింద రెండు నిమిషాలు ఆరనివ్వండి. పైన ఎంత మంచి బిళ్ళ పెట్టినా కింద తడి ఉంటే అంటదు.

చర్మం పచ్చిగా ఉంటేనే స్టోమా పొడి పల్చగా చల్లి, తడి పీల్చుకున్నాక మిగిలినది దులిపెయ్యండి. పొడి గుట్టగా ఉంటే బిళ్ళ దానిమీద జారుతుంది. చర్మం మానాక పొడి మానెయ్యండి.

బిళ్ళని రెండు అరచేతుల మధ్య కొంచెంసేపు వెచ్చబెట్టి, కింది అంచునుంచి పైకి అంటించి, అరచేత్తో రెండు నిమిషాలు అదిమి పట్టుకోండి. చర్మం బాగుంటే ఈ బిళ్ళ మూడు నాలుగు రోజులు ఉంటుంది. మన ఎండల్లో ఇంకా ముందే మార్చవలసి రావచ్చు. సంచీ మూడోవంతు నిండగానే ఖాళీ చేసుకోవాలి. బరువెక్కితే బిళ్ళని కిందికి లాగుతుంది. సంచీకీ ఒంటికీ మధ్య పల్చని నూలుగుడ్డ ఉంటే చెమట ఒరిపిడి తగ్గుతుంది.

అన్నిటికంటె ముఖ్యం: బిళ్ళ కింద మంటగాని దురదగాని మొదలైతే అప్పుడే విప్పి చూడండి. "నిన్ననే కదా పెట్టాం, డబ్బు దండగ" అని పైన ప్లాస్టరు వెయ్యకండి. ఒక బిళ్ళ మిగుల్చుకోబోతే పుండు మానటానికి పది బిళ్ళలు అవుతాయి.

సంచీ ఖరీదు భరించలేని ఇళ్ళు ఉన్నాయని నాకు తెలుసు. బిళ్ళ, సంచీ విడివిడిగా ఉండే రకం కొనుక్కుంటే, బిళ్ళ పొట్టమీద ఉండగానే సంచీ విప్పి కడిగి ఆరబెట్టి మళ్ళీ తగిలించవచ్చు. కోలోస్టమీ ఉన్న పసిపిల్లలకి కొన్నిచోట్ల సంచీ లేకుండా, జింకు ఆక్సైడు లేపనం మందంగా రాసి పైన మెత్తని గుడ్డ కడతారు. లేపనం బిళ్ళ కింద పనికిరాదు గాని, బిళ్ళే లేనిచోట చర్మానికి అడ్డుగోడలా పనిచేస్తుంది. గుడ్డ తడవగానే మార్చాలి.

తిండి మానకండి

పుండు మానాలంటే ఒంట్లో బలం ఉండాలి. కడుపు మాడ్చుకుంటే చర్మం మానదు. పైగా ఖాళీ పేగునుంచి కూడా ద్రవం వస్తూనే ఉంటుంది, ఇంకా పల్చగా వస్తుంది. మెత్తని అన్నం, గంజి, అరటిపండు, పెరుగన్నం తింటే జావలా చిక్కబడుతుంది. గుడ్డు, చేప, పప్పు తినవచ్చు. కొత్తలో పచ్చికొబ్బరి, తేగలు, మొక్కజొన్న, పుట్టగొడుగులు లాంటి పీచు పదార్థాలు తగ్గించి, తరువాత కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినాలి. లేకపోతే దారి దగ్గర అడ్డుపడవచ్చు.

ఇలియోస్టమీ ఉన్నవాళ్ళకి నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతుంది. పల్చగా ఎక్కువగా పోతున్నప్పుడు ఉత్త నీళ్ళే తాగుతూ పోతే చాలదు. లీటరు నీళ్ళకి ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి కొంచెం కొంచెంగా తాగండి. పొట్లం దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేసుకోండి. చెంచా అంటే చిన్న టీ చెంచా. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్ళు మాత్రం తమ డాక్టరుని అడిగి తాగాలి.

ఆలస్యం చెయ్యకూడని లక్షణాలు

పేగు దారి నల్లగానో, ముదురు ఊదాగానో మారినా. గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా. చుట్టూ చర్మం వాచి, చీము పట్టి, జ్వరం వచ్చినా. ఊదారంగు అంచుతో లోతైన, విపరీతంగా నొప్పిపెట్టే పుండు పడినా. కొన్ని గంటలపాటు ఏమీ రాకుండా కడుపుబ్బరం, నొప్పి, వాంతులు ఉన్నా. రోజుకి లీటరున్నర మించి నీళ్ళలా పోతూ కళ్ళు తిరుగుతున్నా, మూత్రం తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. దారి పక్కన ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు, ఆపరేషను చేసిన డాక్టరుకి చూపించండి. ఆపరేషనైన కొన్ని నెలలదాకా వల లాగటం, బస్తా ఎత్తటం లాంటి బరువు పనులు వద్దు.

సిగ్గు ఎవరికి?

ఆ దంపతులకి వాళ్ళ కేన్సరు డాక్టరు పేర ఉత్తరం రాసిచ్చి మర్నాడే పంపించాను. పదిరోజుల తరువాత మళ్ళీ వచ్చారు. పుండు ఆరి, లేత గులాబిరంగు చర్మం వచ్చింది. మూడో డోసు పడింది. రెండు పూటలా తింటున్నాడట.

"ఇంత సులువైనదాన్ని రెండు నెలలు ఎందుకు దాచుకున్నావయ్యా?" అన్నాను.

"ఎవులికి సూపించను బాబూ? మలం కారతన్నాదని ఎవులికి సెప్పను?" అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. మనం కాలిమీద కురుపుని పదిమందికి చూపిస్తాం. దీన్ని మాత్రం చీకటి గదిలో, తలుపేసుకుని, తల తిప్పుకుని, చూడకుండానే కట్టేసుకుంటాం. చూడనివాడు కొలవలేడు. కొలవనివాడికి కారక మానదు. ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే వాళ్ళకి వేరే కంచం, వేరే వసారా చూపించకండి. వెలుతురున్న చోట, అద్దం ముందు, ఇంట్లో ఒకరు తోడుండి ఆ పని చేయించండి. సంచీ శుభ్రంగా అంటుకుని ఉంటే పక్కన కూర్చున్న మనిషికి వాసన రాదు.

వెళ్ళేముందు అతని భార్య కొత్త అట్టముక్క చూపించింది. పాతదాన్ని పారేసిందట.

"వారం వారం కొలస్తన్నాను బాబూ. ఇంకా తగ్గితే ఇంకోటి కోస్తాను" అంది.

అతను మాత్రం ఏమీ అనలేదు. వచ్చినప్పటినుంచీ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చునే ఉన్నాడు.